పానకాలదాసుగారి చిడతలు

గోవర్ధనరావుకి అబద్ధాలాడే అలవాటు లేదు. నిజం చెప్పడానికి బద్ధకం, అంతే.

బందరు నుంచి రోజూ పాసింజర్లో గుడ్లవల్లేరు వెళ్లి, అక్కడో కాలేజీలో కంప్యూటర్ లాబ్ చూసుకునేవాడు. రెండువేల ఆరులో కాలేజీవాళ్లు పాత సర్వర్ ఒకటి వేలం వేస్తే, ఎవరూ పాడుకోలేదు కాబట్టి ఈయనకొచ్చింది. బీరువా పిల్లని పెట్టినట్టుండేది. ఆటోలోంచి దింపుతుంటే భార్య సీతామహాలక్ష్మి గుమ్మంలో నిలబడి, ఇది ఇంట్లోకొస్తే మనిద్దరిలో ఎవరు బయటికెళ్లాలో కూడా చెప్పమంది.

"మీ నాన్నగారి కోసమే" అన్నాడు గోవర్ధనరావు.

ఆ మాటతో పెట్టె లోపలికొచ్చేసింది.

మామగారు పానకాలదాసుగారు నాగాయలంకలో హరికథకుడు. చిడతలు పట్టి నిలబడితే దివిసీమలో దోమలు కూడా కుట్టడం మానేసి వినేవని చెప్పుకునేవారు. ఆయన పోయి ఆరేళ్లు. మిగిలింది అరవై రెండు కాసెట్లు. బందరు ఉప్పుగాలికి వాటికి బూజు పట్టి, ఆయన గొంతు నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టు వినిపించేది. వాటినన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని మాటిచ్చాడు అల్లుడు. ఎక్కించాడు కూడా. కాసెట్ పెట్టి, మీట నొక్కి, పక్కన పడుకుని నిద్రపోయేవాడు. అరవై రెండు కాసెట్లు, రెండేసి వైపులు, అన్నీ అలాగే అయ్యాయి. అయిపోయిన కాసెట్లు తడిసిన అప్పడాల్లా ఉంటే పారేశారు.

సర్వర్లో రెండు హార్డ్ డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉండేలా పెట్టమంది మాలక్ష్మి. ఒకటి పోయినా నాన్న మిగులుతారు కదా అని ఆవిడ లెక్క. గోవర్ధనరావు సెట్టింగుల పేజీ తెరిచి చూశాడు. అలా పెడితే సగం జాగా పోతుంది. రెండూ కలిపి ఒకటే పెద్ద డిస్కుగా పెడితే, తను టీవీలోంచి పట్టిన క్రికెట్ మ్యాచ్‌లన్నీ పడతాయి. రెండోదే నొక్కాడు. ఒక్క డిస్కు పోతే మొత్తం పోతుందని కింద ఎర్రగా రాసి ఉంది. ఎర్రగా రాసినవి ఆయన చదవడు.

"పెట్టారా?" అంది వంటింట్లోంచి.

"అద్దంలో బొమ్మలా పెట్టాను. ఇటొకటి, అటొకటి" అన్నాడు.

డిస్కుల ఆరోగ్యం ఎప్పటికప్పుడు చూసి కబురు పంపే ఏర్పాటు కూడా ఉంటుందట కదా, అదీ పెట్టమంది. అదీ పెట్టాడు. ఇంట్లో పనిచేసే ఈమెయిల్ ఒకటే, హాస్టల్లో ఉన్న కొడుకు రాహుల్ కోసం మాలక్ష్మి తెరిచింది. ఆ అడ్రసే టైపు చేసి, అప్పుడే మర్చిపోయాడు.

మరుసటి ఏడాది కార్తీకంలో అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ముసురేసింది. మధ్యాహ్నానికే దీపాలు పెట్టుకోవాల్సినంత చీకటి. కాలేజీకి సెలవిచ్చిన అలాంటి ఒక మధ్యాహ్నం పెట్టె కీచుమని మూడుసార్లు కూసింది. తెర మీద చూస్తే, రెండో డిస్కు జబ్బున పడిందనీ, ఉన్నదంతా వెంటనే వేరేచోట దాచుకోమనీ ఉంది.

కాపీ చేయబోయాడు. మొదటి ఫైలే సగంలో ఆగిపోయింది. ఊగే పన్నుని కదిపితే ఊడుతుందని భయం వేసి చెయ్యి తీసేశాడు. ఆదివారం బెజవాడ వెళ్లి కొత్త డిస్కు తెచ్చి, ఆవిడకి తెలియకుండా సర్దేద్దామనుకున్నాడు. ఈలోగా కూత వినపడకుండా అలారం ఆపేశాడు. రోజూ చేసే పరీక్షని నెలకోసారికి మార్చాడు. రోగి మంచం పక్కన థర్మామీటరు విరగ్గొట్టినంత హాయిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే చప్పుడు మొదలైంది.

టక్, టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్.

డిస్కు పోయే ముందు అలాగే కొట్టుకుంటుందని ఆయనకి తెలుసు. మాలక్ష్మి మాత్రం కూర తరుగుతున్న కత్తిపీట వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్న కథ మొదలెట్టే ముందు చిడతలు ఇలాగే కొట్టేవారు. రెండు కొట్టి, ఊపిరి తీసుకుని, మూడోది."

గోవర్ధనరావు గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోందన్నాడు. ఆవిడ కిటికీ వంక చూసింది. గడియ పెట్టే ఉంది. ఏమీ అనకుండా లోపలికెళ్లిపోయింది. అలా ఏమీ అనకపోవడం పదిహేడేళ్ల కాపురంలో అదే మొదలు.

శుక్రవారం నాగాయలంక నుంచి సరోజ పిన్ని దిగింది. దాసుగారి మరదలు. చెవి ఒగ్గి విని, బావగారేనని తేల్చింది. గ్లాసుడు మిరియాల పాలు కాచి పెట్టె ముందు పెట్టింది. కథకి ముందు ఆయన అదే తాగేవారట. ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసేవాణ్ణి, ఇవన్నీ నమ్మనని గోవర్ధనరావు నవ్వబోయాడు. సాయంత్రం చూస్తే గ్లాసు ఖాళీగా ఉంది. అడుగున మిరియాల పొడి మాత్రం మిగిలింది.

శనివారం కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి చప్పుడు ఇంకా దగ్గర దగ్గరగా పడుతోంది. ఆదివారం కుండపోత. బెజవాడ బస్సు కదల్లేదు. భోజనాలయ్యాక పిన్ని పడుకుంది. మాలక్ష్మి గొడుగేసుకుని పెరుగుకని వెళ్లింది. ఆ చప్పుడైనా ఆపడానికి ఇదే సమయమనుకుని గోవర్ధనరావు గదిలోకెళ్లి, ప్లగ్గు పీకి, పెట్టె మూత తీసి, జబ్బు డిస్కుని చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది.

టక్, టక్.

చేతిలో డిస్కు కదల్లేదు. ప్లగ్గు నేలమీద పడుంది. బయట వాన హోరు.

టక్.

ఆ తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. కాసెట్టు బూజులోంచి వచ్చే ఆ గొంతు ఆయనకి తెలుసు. తన పెళ్లిలో మంగళహారతి పాడిన గొంతది.

"అమ్మాయ్ మాలక్ష్మీ. కుర్రాడు మంచివాడేనే. కాకపోతే అబద్ధం ఆడినప్పుడు చెవులు ఎర్రబడతాయి. ఓ కన్నేసి ఉంచు."

గోవర్ధనరావు చెవులు తడుముకున్నాడు. కాలుతున్నాయి. డిస్కుని రెండు చేతులా పట్టుకుని, మామగారూ అంటూ మొదలుపెట్టి, రెండో సెట్టింగు నొక్కిన సంగతి, క్రికెట్ సంగతి, అలారం ఆపిన సంగతి అన్నీ ఒప్పుకున్నాడు. భయం తీరక, అడగనివి కూడా చెప్పాడు. పోయిన వేసవిలో పిన్నిగారు రమ్మంటే సెలవు దొరకలేదని చెప్పిందీ అబద్ధమేనన్నాడు.

"అదీనా?" అంది వెనక నుంచి సరోజ పిన్ని.

పక్కగది తెర తొలిగింది. మాలక్ష్మి నిలబడి ఉంది. చేతిలో తండ్రి చిడతలు. వెనక రాహుల్ కంప్యూటర్ వెలుగుతోంది. గొడుగు పొడిగా గోడకి ఆనించి ఉంది.

చల్లగా కూర్చోబెట్టి చెప్పింది. జబ్బు కబురు మొదటిరోజే తన ఈమెయిల్‌కి వచ్చింది. ఆయన చెబుతాడేమోనని ఆ పూటంతా చూసింది. చెప్పలేదు. మర్నాడు ఆయన పాసింజరెక్కగానే కోనేరు సెంటర్లో ఇంటర్నెట్ కొట్టు ముస్తాక్‌ని పిలిచింది. అతను రెండు పగళ్లు కూర్చుని, ఆగినచోటల్లా మళ్లీ మొదలెట్టి, ఫైళ్లన్నీ బయటికి తీశాడు. అన్నీ సరిగ్గా వచ్చాయో లేదో ఒక్కోటీ వింటుంటే, ఒక కాసెట్ రెండో వైపు కథ అయిపోయాక కూడా టేపు తిరుగుతూనే ఉంది. మీట ఆపడం మర్చిపోయి తండ్రీకూతుళ్లు మాట్లాడుకున్న మాటలు. పెళ్లిచూపులైన మర్నాటివి.

"పాలు?" అన్నాడు గోవర్ధనరావు.

"నేనే తాగాను. గొంతు నొప్పిగా ఉంది" అంది పిన్ని.

ఆయన చేతిలో డిస్కుని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాడు. పోయేవే కదా అవి, అన్నాడు చివరికి, మెల్లగా. తనవల్ల ఆ గొంతు పోయేదే కదా. మాలక్ష్మి కళ్లు తుడుచుకుంది. మొదటిరోజు టక్ టక్ విన్నప్పుడు, కబురు చదివి అదేమిటో తెలిసి కూడా, నాన్నే వచ్చారని ఒక్క నిమిషం అనుకున్నానంది. ఆ నిమిషానికే ఆయన్ని సగం క్షమించిందట. మిగతా సగం సంగతి తర్వాత చూస్తానంది.

బుధవారం కొత్త డిస్కు వచ్చింది. మాలక్ష్మి కుర్చీలో కూర్చుంది, ఆయన నిలబడ్డాడు. ఒక్కో సెట్టింగూ ఆవిడ పైకి చదివింది, ఎర్రగా ఉన్నవి రెండుసార్లు చదివింది. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లో. పరీక్ష రోజూ. అలారం గట్టిగా. పాస్‌వర్డ్ ఆవిడది. క్రికెట్ అంతా పోయింది, ఒక్క ఓవరు కూడా మిగల్లేదు.

అన్నీ అయ్యాక గోవర్ధనరావు కొంచెం ధైర్యం చేసి, ఆ రెండో వైపు మామగారు తన గురించి ఇంకేమైనా అన్నారా అని అడిగాడు.

"ఇంకో ఇరవై నిమిషాలుంది" అంది మాలక్ష్మి లేస్తూ. "అవసరం పడ్డప్పుడు కాస్త కాస్త వినిపిస్తాలెండి."