గుమాస్తాగారి రేజరు సేవ

గుమాస్తాగారు ఆ ఉదయం కోడికంటే ముందే లేచి అద్దం ముందు నిలబడ్డారు. పదింటికి ఆఫీసులో కొత్త గుర్తింపు కార్డులిస్తున్నారు. పాత కార్డుకి ఫొటో తీసినప్పుడు, సరిగ్గా మీట నొక్కిన క్షణానే ఆయన కళ్లు మూతపడ్డాయి. పదకొండేళ్లుగా ఆ ఫొటో మెళ్లో వేలాడుతోంది. పదకొండేళ్లుగా గేటు దగ్గర వాచ్‌మన్, "ఇంకా లేవలేదా సార్?" అని పలకరిస్తున్నాడు. ఈసారి నున్నటి చెంపలతో, విప్పారిన కళ్లతో ఫొటో దిగి ఆ నోరు మూయించాలి.

ఆయనకు రేజరంటే ప్రాణం. గీసుకున్నాక దాన్ని దళసరి తువ్వాలుతో ఇత్తడి చెంబు తోమినట్టు తోమి, తడి ఆరకుండానే రేకు డబ్బాలో పెట్టి, మూత బిగించేవారు. పసిబిడ్డకైనా అంత సేవ జరగదు.

"తుడిస్తే పదును పోతుంది, మూత పెడితే తుప్పు పడుతుంది. కడిగి, దులిపి, గాలికి తగిలించమని మా తమ్ముడు చెప్పాడుగా!" అంది భార్య.

"మీసం మొలిచి నాలుగేళ్లు కాలేదు, వాడు నాకు గడ్డం పాఠాలు చెప్పడమా?"

బ్లేడు గడ్డాన్ని కొయ్యలేదు, పీకింది. ఇంకాస్త గట్టిగా నొక్కారు. రెండు గీతలకే చెంపలు పండు మిరపకాయలయ్యాయి. అసలు దీనికి పదునుందా అని కుడి బొటనవేలితో రాసి చూశారు. గడ్డం మీద మొద్దావతారమెత్తిన బ్లేడు వేలి మీద మాత్రం కత్తిలా దిగింది!

"చన్నీళ్లు కొట్టుకుని ఊరుకోండి, ఇంకేమీ పూయకండి!" వేలికి గుడ్డ కడుతూ భార్య మొత్తుకుంది. వింటేగా! పటిక రుద్దారు, మండింది. మంట తగ్గడానికి లోషన్ పూశారు. ఆ దెబ్బకి తెరుచుకున్న కళ్లు మళ్లీ మూతపడితే ఒట్టు. ఎరుపు దాచడానికి పౌడరద్దారు. దానిమీద చెమట. ముఖం సున్నం రాలిన ఇటుక గోడలా తయారైంది.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డొచ్చాడు. "ఎవరు కావాలండీ?"

"నేనేనయ్యా! రోజూ చూస్తావుగా!"

వాచ్‌మన్ కార్డు చూశాడు, ముఖం చూశాడు. "ఇది మీరు కాదండీ. ఈయన నిద్రపోతున్నారు."

వెనక వరుస పెరిగిపోతోంది.

"ఒక్కసారి కళ్లు మూయండి, చూద్దాం."

గుమాస్తాగారు పళ్లు బిగించి కళ్లు మూశారు.

"ఆఁ! ఇప్పుడు మీరే సార్!"

వరుసంతా గొల్లుమంది. వాచ్‌మన్ మాత్రం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మొద్దు బ్లేడా సార్? నాకూ ఓసారి ఇలాగే అయింది," అంటూ శుభ్రమైన రుమాలు చన్నీళ్లలో తడిపి చేతికిచ్చాడు.

లోపల గదిలో కెమెరా లేదు. బల్లమీద చిన్న పెట్టె మాత్రం ఉంది.

"ఫొటోలు ఎత్తేశారండీ," అన్నాడు దాని ముందు కూర్చున్న ఆపరేటరు. "కుడి బొటనవేలు ముద్ర వేస్తే చాలు, కొత్త కార్డు వచ్చేస్తుంది."

గుమాస్తాగారు గుడ్డ చుట్టిన వేలు పైకెత్తారు.

"అయ్యయ్యో! అది మానేదాకా పాత కార్డే సార్."

సాయంత్రం ఆయన కొత్త బ్లేడు వేసి, రేజరును కడిగి, దులిపి, మేకుకి తగిలించారు. "మీ తమ్ముడికి కాస్త బుద్ధి ఉందే," అన్నారు గోడతో చెబుతున్నట్టు.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ అడక్కముందే ఆయన కళ్లు మూశారు.