వెల్డింగ్ క్లాసులో ఆఖరి సీటు

బుధవారం పొద్దున ఆర్డిస్ అనుకున్న పని ఒక్కటే, చర్చిలో బొంతలు కుట్టే ఆడవాళ్ళకి నిమ్మకాయ కేకు పట్టుకెళ్ళడం. కేకు చల్లారుతుండగా మనవరాలు బ్రిట్టా మంచుబూట్లు తొడుక్కుంటూ ఒక మాట అంది.

"నాన్నమ్మా, మన ఊరి కాలేజీలో వెల్డింగ్ క్లాసు నడుస్తుందో లేదో. సరిపడా మంది చేరకపోతే ఎత్తేస్తారట."

"ఎత్తేస్తే?"

"డులూత్ పట్నం వెళ్ళి చదువుతా. అక్కడే గది తీసుకుంటా. శుక్రవారం నాకు సెలవు కదా, వెళ్ళి ఇక్కడే పేరు రాయిస్తా. చూద్దాం."

ఆ ఇంట్లోంచి ఇప్పటికే చాలామంది వెళ్ళారు. కొందరు కారెక్కి వెళ్ళారు, ఇద్దరిని ఆర్డిస్ శవపేటికల్లో పంపింది. మిగిలింది బ్రిట్టా ఒక్కతే. ఆర్డిస్ తిన్నగా కాలేజీకి పోయి, లెక్క పెరుగుతుందని ముందు తన పేరు రాయించుకుంది. ముసలివాళ్ళకి ఫీజు లేనట్టే.

తర్వాత చర్చికి వెళ్ళింది. సాయం కావాలని సూటిగా అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. అందుకని బొంత మీద తల వంచి, "వెల్డింగ్ ఎంత మంచి విద్యో! చేరేవాళ్ళే కరువయ్యారు" అని నిట్టూర్చింది.

ఆర్డిస్ ఒంటరితనంతో కుంగిపోతోందని, క్లాసులో తోడు కోరుతోందని ఆమె స్నేహితురాలు లవోన్‌కి తోచింది. చర్చి మెట్ల రెయిలింగు ఊగుతోంది కాబట్టి, దాన్ని అతికేవాళ్ళు కావాలంటోందని మిగతా ఆడవాళ్ళు అనుకున్నారు. వాళ్ళంతా చేరారు. పెళ్ళాలు క్లాసుకి పోతే ఇంట్లో భోజనం ఎవరు పెడతారని మొగుళ్ళూ చేరారు.

శుక్రవారం బ్రిట్టా కాలేజీ కౌంటరు దగ్గరికి వెళ్ళేసరికి ఒక్క సీటు మిగిలింది. వెనక లవోన్ నిలబడి ఉంది. ఆర్డిస్ పక్కనే ఉంది.

ఆ ఊళ్ళో పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. ఎదుటివాళ్ళని తీసుకోమంటారు. వాళ్ళు రెండుసార్లు వద్దంటారు. మూడోసారి వద్దంటే అవమానం.

"లవోన్ గారూ, మీరు తీసుకోండి" అంది బ్రిట్టా. పుట్టినప్పటినుంచీ అలవాటైన నోరు.

"అయ్యో, నాకెందుకే తల్లీ! నీది చదువుకునే వయసు."

"పరవాలేదు, మీరే తీసుకోండి."

"వద్దులేమ్మా."

ఆర్డిస్ మనవరాలి మోచెయ్యి గిల్లింది. తను మర్యాద తప్పుతోంది కాబోలు, నాన్నమ్మ గుర్తు చేస్తోందనుకుంది బ్రిట్టా.

"మీరు తీసుకుంటే నాకు సంతోషం" అంది.

"అంతగా అంటున్నావు కాబట్టి సరే" అని లవోన్ సంతకం చేసేసింది.

"ఏమే, నీకు బుద్ధుందా!" అంది ఆర్డిస్ బయటికొచ్చాక. "నా సీటు వదిలేస్తా, నువ్వు కూర్చో."

"కుదరదు నాన్నమ్మా. ఖాళీ అయితే వరసలో ముందున్నవాళ్ళకి పోతుంది. మన పాస్టర్ గారు పొద్దున్నే వచ్చి, ఆఖరిది వద్దు, ఎవరైనా మానేస్తే చాలని పేరిచ్చారట. మందంతా అటు పోతే కాపరి ఇక్కడేం చేస్తాడంటున్నారు."

ఇద్దరూ మానేస్తే ఒక సీటు పాస్టర్ గారికి పోయినా రెండోది బ్రిట్టాకి వస్తుందని, ఆర్డిస్ ఆ సాయంత్రమే లవోన్ ఇంటికి వెళ్ళింది. "చలికాలం, రోడ్లన్నీ జారుడు. మన వయసులో రాకపోకలు కష్టం కదూ?" అంది.

"నాకు తెలీదటే నీ బాధ! అందుకే రోజూ నిన్ను నా కారులో తీసుకెళ్తా. ఒక్క క్లాసు కూడా తప్పనివ్వను."

జనవరిలో బ్రిట్టా డులూత్ వెళ్ళింది. గుమ్మం దగ్గర వీడ్కోలు, మెట్ల మీద వీడ్కోలు, కారు అద్దం దించి మళ్ళీ వీడ్కోలు. ఆ వెంటనే లవోన్ హారన్ కొట్టింది. మొదటి క్లాసుకి వేళైంది.

వెల్డింగ్‌లో ఆర్డిస్‌కి ఒక సుఖం కనబడింది. ముఖానికి ముసుగుంటుంది, ఏడ్చినా ఎవరికీ తెలీదు. అందుకని అందరూ కాఫీకి వెళ్ళినా ఆవిడ ముసుగు తియ్యకుండా అతుకు మీద అతుకు వేస్తూనే ఉండేది. ఇన్నేళ్ళు బొంతలు కుట్టిన చెయ్యి, అతుకు సన్నగా తిన్నగా పడేది.

మే నెలలో పడవలు బాగుచేసే ఒక షెడ్డు వాళ్ళు పనికి మంచి చెయ్యి కావాలని కబురు పెడితే, మాస్టారు ఆర్డిస్ పేరు చెప్పాడు.

"మాస్టారూ, ఈ వయసులో నాకు ఉద్యోగమా? ఎవరైనా నవ్వుతారు. అయినా ఆ షెడ్డు ఎక్కడ?"

"డులూత్‌లో."

ఆర్డిస్ జీతం ఎంతని కూడా అడగలేదు.