నాలుగో వాక్యంపై ఓటింగు

పక్షవాతం వచ్చినప్పుడు ప్రజలు ఇకమీదట ఆలస్యం చేయరాదని పక్షవాత వైద్యుల, పరిశోధకుల సంఘం త్వరలో నిర్ణయం తీసుకోబోతున్నట్లు సంఘం కార్యదర్శి గారు పత్రికలకు ప్రకటన పంపారు. ఆ 'త్వరలో'కి అప్పటికి పద్నాలుగు నెలలు నిండాయి.

దీనికి కారణం బద్ధకం కాదు. అలా అనుకునేవాళ్లకు సంఘం ఎంత కష్టపడుతుందో తెలియదు. గోడలకు అంటించే పోస్టరులో నాలుగు వాక్యాలుండాలి. మూతి వంకర పోయిందా? చెయ్యి లేవడం లేదా? మాట తడబడుతోందా? ఇక్కడిదాకా ఏకగ్రీవం. నాలుగో వాక్యం 'వెంటనే ఆసుపత్రికి వెళ్లండి' అని కార్యదర్శి గారు రాశారు. వెంటనే అంటే ఎన్ని నిమిషాలని అధ్యక్షులవారు అడిగారు. ఉపసంఘం వేశారు. అది ఏడుసార్లు కూర్చుని, 'వీలైనంత త్వరగా' అంటే మరింత శాస్త్రీయంగా ఉంటుందని తేల్చింది. వీలు రోగిదా, ఆసుపత్రిదా అని తేల్చడానికి ఇంకో ఉపసంఘం పుట్టింది.

కార్యదర్శి గారు ఇరవై ఆరేళ్లుగా పక్షవాతానికి వైద్యం చేస్తున్న మనిషి. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ మెదడులో లక్షల కణాలు చచ్చిపోతాయని ఆయన చెప్పినన్నిసార్లు ఎవరూ చెప్పి ఉండరు. ఆ సంగతి చెప్పడానికి ఆయనకు స్లైడ్లతో కలిపి నలభై అయిదు నిమిషాలు పట్టేది. ఇందులో నవ్వొచ్చే విషయం ఉందని ఆయనకూ తెలుసు. తన మీద తాను నవ్వుకోగలిగిన మనిషి కాబట్టే సంఘంలో ఇన్నాళ్లు నెగ్గుకొచ్చారు. పదవీకాలం ఆ నెలాఖరుతో సరి. ఈలోగా పోస్టరు గోడకెక్కకపోతే, సంఘానికి తాను చేసిన సేవ అని చెప్పుకోవడానికి ఒక్క నిబంధనే మిగులుతుంది: ఏ విషయంలోనైనా సొంత ప్రయోజనం ఉన్న సభ్యుడు దానిమీద ఓటు వేయరాదు. దాన్ని ఆయనే రాసి, ఆయనే చదివి, చప్పట్లు కూడా ముందు ఆయనే కొట్టారు.

పోస్టరు మీద బొమ్మ కూడా ఆయనదే. నటుణ్ణి తెస్తే వంకర సహజంగా లేదన్నారు. రోగిని అడుగుదామంటే అనుమతి పత్రం పదకొండు పేజీలైంది. "మీ మొహమే పెట్టెయ్యండి, మీకైతే బాగా కుదురుతుంది" అని అధ్యక్షులవారు సెలవిచ్చారు. అది మెప్పో కాదో ఆలోచించకుండా కార్యదర్శి గారు ఇంట్లో, కారులో, లిఫ్టులో మొహం ఎడమపక్కకి జార్చి సాధన చేశారు. సర్వసభ్య సమావేశంలో ముందు ఆయన స్టేజీ మీద పక్షవాతం లక్షణాలు అభినయించి చూపిస్తారు, తర్వాత నాలుగో వాక్యం మీద ఓటింగు. దానికోసం హాల్లో మూడు రిహార్సల్స్ అయ్యాయి. సంఘం సభలన్నిటికీ మైకులు చూసే యాభై ఏళ్ల మనిషి మూడుసార్లూ ఓపిగ్గా మైకు ఎత్తు సరిచేశాడు.

సమావేశం రోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కార్యదర్శి గారి కుడిచేతి వేళ్లు మొద్దుబారినట్లయ్యాయి.

"చెయ్యి కిందేసుకుని పడుకున్నట్టున్నాను, తిమ్మిరెక్కింది" అన్నారు భార్యతో. ఆమె బడిలో లెక్కల టీచరు.

"ఎవరికైనా చూపించుకోకూడదూ?"

"ఎవరికి చూపించుకోను? ఊళ్లోవాళ్లంతా నాకే కదా చూపించుకునేది."

"అయితే మీకే చూపించుకోండి."

"ఇవాళ నాకు ఖాళీ లేదు" అని ఆయన బయల్దేరారు. గుండీలు ఆమే పెట్టింది.

సమావేశానికి రెండు వందల నలభై మంది సభ్యులూ వచ్చారు. పక్షవాతం రావడానికి భూమ్మీద ఇంతకంటే క్షేమమైన చోటు ఇవాళ ఇంకెక్కడా లేదని అధ్యక్షులవారు స్వాగతోపన్యాసంలో చమత్కరించారు. అందరూ హాయిగా నవ్వారు.

పదకొండు గంటల పది నిమిషాలకు కార్యదర్శి గారి చేతిలోంచి పెన్ను జారి కిందపడింది. వంగి తీయబోతే చెయ్యి రాలేదు. ఆయనకు సంగతి అర్థమైపోయింది. ఇరవై ఆరేళ్ల అనుభవం ఊరికే పోదు, ఏ రక్తనాళం మూసుకుపోయిందో కూడా తెలిసింది. లేచి చెబుదామనుకున్నారు. కానీ అధ్యక్షులవారు సంతాప తీర్మానం చదువుతున్నారు, మధ్యలో లేస్తే ఏం బాగుంటుంది? ఇదొక్కటీ అయిపోనిద్దామనుకున్నారు. రోగులు ఇలాంటి కబుర్లు చెప్పినప్పుడల్లా ఆయన విరుచుకుపడేవారు: "ప్రాణం మీదికొస్తే మొహమాటమేంటండీ?" ఆ చీవాట్లన్నీ ఆయనకిప్పుడు వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ పనిచేయలేదు.

తీర్మానం నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత కార్యదర్శి గారిని పిలిచారు. కుర్చీలు పట్టుకుంటూ మైకు దగ్గరికి చేరారు. మొహం కుడిపక్క జారిపోయింది, కుడిచెయ్యి వేలాడింది. ఇది నటన కాదు అని చెబుదామని నోరు తెరిస్తే "వే... వెం..." అని మాత్రం వచ్చింది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

పక్షవాతం తీవ్రతకు మార్కులు వేసే పద్ధతి మీద పుస్తకం రాసిన ప్రొఫెసరు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, "పదకొండు" అన్నారు.

"తొమ్మిదికి మించదండీ" అన్నాడు పక్కనున్న ఆయన పాత శిష్యుడు.

"ఆ చెయ్యి చూడు, ఎంత సహజంగా వేలాడుతోందో."

"చెయ్యి సరేనండీ. కాలే కొంచెం అతి చేస్తున్నారు."

కార్యదర్శి గారు స్టేజీ మెట్ల మీద కూలబడ్డారు.

"చెప్పానా" అన్నాడు శిష్యుడు.

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "ఇంత నిబద్ధత నా జీవితంలో చూడలేదు. ఇక చర్చకు వెళదాం. పదహారు మంది వక్తలున్నారు. కార్యదర్శి గారు అలాగే ఉండిపోతే చర్చకు ఉపయోగంగా ఉంటుంది."

కార్యదర్శి గారికి అన్నీ వినిపిస్తున్నాయి. ఎదురుగా గోడ గడియారం పదకొండూ పద్దెనిమిది చూపిస్తోంది. ఈ హాల్లో సగానికి పైగా తన దగ్గర పాఠం చెప్పించుకున్నవాళ్లే, కాబట్టి తప్పు వాళ్లదని కూడా అనడానికి లేదు. ఆయనకు భయం వేసింది, గట్టిగానే వేసింది. అంత భయంలోనూ నవ్వొచ్చింది. సగం మొహం మీదే వచ్చిన ఆ నవ్వుకి ప్రొఫెసరు గారు ఇంకో మార్కు కలిపారు. అంతలో కార్యదర్శి గారికి, భార్యతో తాను అన్న ఆఖరి మాట 'ఖాళీ లేదు' అన్నదే అవుతుందేమో అనిపించింది. దానికి మాత్రం నవ్వు రాలేదు.

మైకు మనిషి స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒక్క మాటండి."

"నువ్వు సభ్యుడివి కాదు కదా" అన్నారు అధ్యక్షులవారు.

"కాదండి. రిహార్సల్లో మూడుసార్లూ సారు ఎడమపక్క జార్చారండి. ఇప్పుడు కుడిపక్క జారింది."

"ప్రదర్శన అన్నాక మార్పులుంటాయి."

"మాట కూడా రావట్లేదండి."

"మాట రాకపోవడం కూడా లక్షణమేనయ్యా. పోస్టరు చదవలేదా నువ్వు?"

"చదివానండి. అందుకే చెప్తున్నా."

"మా సంగతి మేం చూసుకుంటాం. నువ్వు మైకు సంగతి చూసుకో."

మైకు మనిషి వెళ్లి మైకు సంగతే చూశాడు. ఆపేశాడు.

మైకు లేకుండా మాట్లాడే అలవాటు సంఘంలో ఎవరికీ లేదు. ఆ నిశ్శబ్దంలో అతను అంబులెన్సుకి ఫోన్ చేసి చిరునామా చెప్పడం వెనక వరస దాకా వినిపించింది.

అంబులెన్సు తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. "ఎన్నింటికి మొదలైంది?" అని అడిగింది అందులో వచ్చిన నర్సు. రెండు వందల ముప్ఫై తొమ్మిది మంది నిపుణులు ఒక్కసారిగా జవాబు చెప్పారు, ఒక్కొక్కరిదీ ఒక్కో టైము. మైకు మనిషి రికార్డింగు వెనక్కి తిప్పి విన్నాడు. "పెన్ను పడ్డ చప్పుడు పదకొండూ పదికి వినిపిస్తోందండి."

నర్సు అదే రాసుకుంది. "మీరు డాక్టరా?"

"కాదండి, సౌండు."

మందు సకాలంలో పడింది. ప్రాణం నిలబడింది. నాలుగో రోజుకి కాలు కదిలింది, కుడిచెయ్యి ఇంకా మాట వినలేదు. ఇక మాటల్లో ఆయనకు ఒక్కటే మిగిలింది: "వెంటనే." దాహమేస్తే వెంటనే, దుప్పటి కావాలంటే వెంటనే. "ఇప్పటికి ఖాళీ దొరికిందా మీకు?" అని భార్య మంచం పక్కన కూర్చుని ఏడిచింది. ఆయన ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని "వెంటనే" అన్నారు. ఆమెకు అర్థమైంది.

ఆరో రోజున అధ్యక్షులవారు పూలగుత్తితో, మినిట్స్ పుస్తకంతో వచ్చారు.

"శుభవార్త తెచ్చాను. ఈ ఏటి ఉత్తమ ప్రదర్శన అవార్డు మీదే. ఆ రోజు తీసిన ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది, పోస్టరుకి అదే ఖాయం చేశాం. అనుమతి లేకుండా మైకు ఆపినందుకు మైకు మనిషికి మెమో కూడా ఇచ్చేశాం."

"వెంటనే?" అన్నారు కార్యదర్శి గారు.

"ఆ, ఆ సాయంత్రమే ఇచ్చేశాం. ఇక నాలుగో వాక్యం. ఆగిపోయిన ఓటింగు నిన్న పెట్టాం. 'వెంటనే'కి నూట పంతొమ్మిది, 'వీలైనంత త్వరగా'కి నూట పంతొమ్మిది. అధ్యక్షుడికి ఓటు లేదు కదా. అంతా మీ ఒక్క ఓటు మీద ఆగింది. చెప్పండి, ఏదంటారు?"

కార్యదర్శి గారు భార్య భుజం ఆసరాగా లేచి కూర్చున్నారు. ఊపిరి బిగపట్టారు. ఇరవై ఆరేళ్లలో ఏ ఉపన్యాసంలోనూ పలకనంత స్పష్టంగా, "వెంటనే" అన్నారు.

అధ్యక్షులవారి కళ్లు చెమర్చాయి. పెన్ను తీసి, పుస్తకంలో నెమ్మదిగా రాసి, పైకి చదివి వినిపించారు:

"కార్యదర్శి గారు 'వెంటనే' అన్న మాటను బలపరిచారు. అయితే వారికి ఇటీవలే పక్షవాతం వచ్చినందున, ఈ విషయంలో వారికి సొంత ప్రయోజనం ఉన్నట్లు భావించడమైనది. వారే ప్రతిపాదించిన నిబంధన మేరకు వారి ఓటు చెల్లదు. విషయం వచ్చే ఏటి సమావేశానికి వాయిదా."

పుస్తకం మంచం మీద పెట్టి, పెన్ను ఆయన ఎడమచేతిలో ఉంచారు.

"కార్యదర్శిగా ఇక్కడో సంతకం పడేయండి. కాస్త వెంటనే పెడితే బాగుంటుంది, కింద కారు ఆపి వచ్చాను."