అరవై కప్పులు

ఆదివారం పొద్దున్నే యాదయ్య చెరువు నుంచి వచ్చి వల ఆరేసి, భార్య బాలనర్సమ్మకు చెప్పకుండా ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర, వరుసకు కూతురయ్యే సింధు నడిపే ప్రింటింగు దుకాణానికి వెళ్లాడు. పాతికేళ్లు అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసిన బాలనర్సమ్మ ఆ గురువారం రిటైరవుతోంది. ఆ రోజు వచ్చేవాళ్లందరికీ ఆమె ఫోటో, పేరు ఉన్న చాయ్ కప్పు ఇవ్వాలని అతని కోరిక. అరవై కావాలి.

సింధు కప్పుకు నూట అరవై చెప్పింది. ఫోటో సాఫు చేయాలి, ఒక్కో కప్పునూ విడిగా మిషన్లో పెట్టి వేడి మీద అచ్చు ఎక్కించాలి అని వివరించింది కూడా.

"బేగంబజార్ల నలభైకే ఇస్తున్నరు బిడ్డా."

"ఇస్తరు కాక. గా కప్పు మీద మా చిన్నమ్మ ఉండదు."

మాట నిజమే గానీ తేడా ఏడు వేలు దాటింది. యాదయ్య హైదరాబాదు బస్సెక్కాడు. అరవై అనగానే బేగంబజారు వ్యాపారి మూలనున్న డబ్బా ఒకటి లాగి, ముప్పై ఐదుకే ఇచ్చాడు. బంగారు రంగు పూలు, నడుమ పెద్దగా 60 అంకె, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. అరవై అడిగితే అరవై అని అచ్చేసి మరీ ఇచ్చాడని యాదయ్య ముచ్చటపడ్డాడు.

మంగళవారం ఇంటింటికీ కప్పు ఇచ్చి, గురువారం అంగన్‌వాడీ కాడికి రమ్మన్నాడు. సంగతేమిటో అందరికీ తెలిసిందే కదా అని విడమరచలేదు. పక్కింటి రేణుకమ్మ తన కప్పును కోడలు రమకు చూపించింది. డిగ్రీ చదివిన రమ, అరవయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలని ఉందని చదివి చెప్పింది. ఎవరికని తేల్చుకునేలోగా రేణుకమ్మ వీధి దాటింది. రెండో వాడలో అది యాదయ్య పుట్టినరోజైంది, మూడో వాడకు షష్టిపూర్తి అయింది. సాయంత్రానికి కబురు జల్‌పల్లిలో ఉండే బాలనర్సమ్మ తమ్ముడు నారయ్యకు చేరింది. తనను పిలవలేదని అతను అలిగాడు. ఆ అలకలోనే పట్టుచీర, పంచె, ఒడిబియ్యం సిద్ధం చేసుకున్నాడు.

గురువారం షామియానా కింద, శాలువాతో వచ్చిన సూపర్‌వైజరు మేడం నోరు తెరిచేలోపు డప్పులు మోగాయి. నారయ్య పంతులును వెంటబెట్టుకుని దిగాడు. ఎవరో రెండు పీటలు వేశారు. మేడం ఉపన్యాసం కాగితం మడిచి పర్సులో పెట్టుకుని అక్షింతలు అందుకుంది.

తనకు అరవై దాటి రెండేళ్లయిందని యాదయ్య చెప్పబోతే డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. అప్పటికే పీట మీద కూర్చున్న భార్య చెవిలో అంతా ఒప్పుకున్నాడు: కప్పుల సంగతి, సింధు చెప్పిన ధర, తను పైసలు చూసుకున్న సంగతి.

బాలనర్సమ్మ పీట మీద సర్దుకుంది. "నాకు మొన్ననే ఎర్క. రమ చెప్పింది."

"మరెందుకు ఆపకపోతివి?"

"మన పెండ్లికి వాన పడి ఫోటో ఒక్కటి దిగలే. గియ్యాల నా కోసం గింతమంది వచ్చిన్రు. సప్పుడు జేయక కూసో."

యాదయ్య కూర్చున్నాడు. పంతులు చెప్పినట్టు ఆమె మెడలో దండ వేశాడు. ఒకప్పుడు ఆమె ముక్కు తుడిచి అన్నం తినిపించిన పిల్లలు, ఇప్పుడు మీసాలొచ్చినవాళ్లు, చంకలో బిడ్డలున్నవాళ్లు, వరుసగా వచ్చి ఆమె కాళ్లకు మొక్కారు. పాతికేళ్లుగా పొద్దున పోయి మాపటికి అలసి వచ్చే మనిషి ఎక్కడికి పోయి వస్తోందో అతనికి అప్పుడు తెలిసింది. కండువాతో కళ్లు తుడుచుకుంటుంటే గుంపులోంచి సింధు ఇద్దరినీ కలిపి ఫోన్లో ఫోటో తీసింది.

మర్నాడు యాదయ్య దుకాణానికి వెళ్లి ఆ ఫోటోతో ఒక్క కప్పు చేయమన్నాడు. ఒక్కటే అయితే రెండు వందల యాభై అంది సింధు. అతను మారుమాట్లాడకుండా ఇచ్చి, కప్పును రెండు చేతులతో అందుకున్నాడు.

ఇప్పుడు ఆ కప్పులో చాయ్ ఎవరు తాగాలన్న దాని మీద ఆ కొత్త దంపతులకు రోజూ పంచాయితీ.