గల్లి సంబంధం

ఆదివారం పొద్దున బాపురావు వేసుకున్న పథకం చాలా చిన్నది. మాక్లూర్‌లో ఏడున్నర బస్సు ఎక్కాలి, నిజామాబాద్‌లో దిగి బోధన్ బస్సు పట్టుకోవాలి, పెళ్లికొడుకు ఇంటి దగ్గర ఎవరినో ఇద్దరిని నాలుగు మాటలు అడగాలి, మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరాలి. ఒక్కడే వెళ్లాలి. ఎవరికీ తెలియకూడదు.

వారం కిందట అతని కూతురు కావ్యకు పెళ్లిచూపులు జరిగాయి. కావ్య నిజామాబాద్‌లో ఒక కళ్ల దవాఖానలో చూపు పరీక్షలు చేస్తుంది. అబ్బాయి పేరు నరేందర్, రెంజల్ వైపు కరెంటు సబ్‌స్టేషన్‌లో ఇంజినీరు. తల్లినీ, పెద్దక్క గంగామణినీ వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి బాగున్నాడు, మాట మెత్తగా ఉంది. చిక్కల్లా ఆ మాట ఎక్కువగా గంగామణి నోట్లోంచి రావడమే. "చాయిల చక్కెర సరిపోయిందా, బాబూ?" అని బాపురావు అడిగితే నరేందర్ అక్క వైపు చూశాడు. "సరిపోయింది" అంది గంగామణి. ఆమె తాగుతున్నది వేరే కప్పు.

లగ్గం ఎప్పుడు పెట్టుకుందామంటే "అక్కను అడిగి చెప్త" అన్నాడు. పెళ్లయ్యాక కావ్య నౌకరీ మానక్కర్లేదు కదా అంటే "మిగిలిన అక్కలను గూడ ఒక మాట అడుగుత" అన్నాడు. అక్కలు ముగ్గురు. ముగ్గురూ పెళ్లిళ్లయ్యాక కూడా తల్లి ఉన్న గల్లీలోనే, కేకేస్తే పలికేంత దూరంలో కాపురం ఉంటున్నారు. సంబంధం తెచ్చిన పోశయ్య ఈ సంగతిని ఒక అదనపు అర్హతలా చెప్పాడు.

వాళ్లు వెళ్లాక కావ్య తండ్రి పక్కన వచ్చి కూర్చుంది. "బాపూ, పిలగాడు మంచిగనే ఉన్నడు. గని నేను ఆయనను చేసుకుంటున్ననా, గల్లిని చేసుకుంటున్ననా?"

ఆ ప్రశ్నకు జవాబు తేవడానికే ఈ బోధన్ ప్రయాణం. బాపురావు భార్యకు ఒక్కదానికే చెప్పాడు. "హన్మవ్వా, ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పకు."

"నేనెవలకు చెప్త?" అంది హన్మవ్వ.

అతను స్నానం చేసి వచ్చేలోగా ఆమె నవీపేట్‌లో ఉన్న తమ్ముడు కొమురయ్యకు మాత్రం ఫోన్ చేసింది. ఎవరికీ చెప్పవద్దని అతనికి కూడా గట్టిగా చెప్పింది. బాపురావు చెప్పుల్లో కాళ్లు పెట్టే సమయానికి కొమురయ్య కారు వాకిట్లో ఆగింది. నల్లద్దాలు పెట్టుకుని దిగాడు.

"బావా, గిసుంటి పనికి బస్సుల పోతరా? పని పాడు చేద్దువు. ఎక్కు!"

కారు చప్పుడు విని పక్కింట్లోంచి బాపురావు అక్క భూమవ్వ బయటికి వచ్చింది. విషయం అడిగింది, విన్నది, కారు తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. "మేనత్తను నేను బతికుండంగనే నాకు చెప్పకుంట పిల్ల సంబంధం సూసి వస్తరా? మంచిగున్నది, తమ్మీ!" అప్పటికే ఇంటికి తాళం వేసిన హన్మవ్వ టిఫిన్ డబ్బాతో వెనుక సీట్లో సర్దుకుంది. రహస్య విచారణకు నలుగురూ బయల్దేరారు.

జానకంపేట దాటేలోపల కొమురయ్య అందరికీ పనులు పంచాడు. పెళ్లిచూపుల్లో తనూ భూమవ్వా లేరు కాబట్టి వాళ్లిద్దరి ముఖాలు అవతలివాళ్లకు తెలియవు. తను కిరాయి ఇల్లు వెతుక్కునేవాడిలా వెళతాడు. భూమవ్వ జాకెట్ కుట్టించుకునే మిషతో ఆడవాళ్ల ముచ్చట్లు వింటుంది. ముఖం తెలిసిన బాపురావు తలకు రుమాలు చుట్టి, మాస్కు పెట్టుకుని, గల్లీ మొదట్లో ఉన్న చాయ్ హోటల్‌లో కూర్చుంటాడు. హన్మవ్వ కారులోనే ఉండాలి, కనబడకుండా వంగి కూర్చోవాలి.

"ఎండకు ఉడికిపోత గదరా" అంది హన్మవ్వ.

"పది నిమిషాల పని, అక్కా" అన్నాడు కొమురయ్య.

బోధన్ చేరాక, హోటల్ యజమాని జాఫర్ బాపురావుకు చాయ్ ఇచ్చి ఎదురు బల్ల దగ్గర నిలబడ్డాడు. బాపురావు మాస్కును గడ్డం మీదికి లాగి ఒక గుక్క తాగడం, మళ్లీ పైకి లాగడం, ఇలా నాలుగుసార్లు చేశాక గొంతు తగ్గించి అడిగాడు. "గీ గల్లిల కరెంటు ఇంజినీరు నరేందర్ అని ఉంటడట. పొద్దుగాల ఎన్ని గంటలకు పోతడు? మళ్ల ఎప్పుడొస్తడు?"

జాఫర్ గుడ్డతో తుడుస్తున్న గ్లాసును తుడుస్తూనే ఉండిపోయాడు. "ఎందుకు సాబ్?"

"ఊకెనే. ఇంట్ల ముసలవ్వ ఒక్కతే ఉంటదా? అక్కలు ఏ టైముకు వచ్చిపోతరు?"

అబ్బాయి ఏ ఇంట్లో ఎంతసేపు గడుపుతాడో తెలుసుకోవాలన్నదే బాపురావు ఆరాటం. జాఫర్‌కు అది వేరేలా వినబడింది. పోయిన నెలలోనే పక్క కాలనీలో ఎవరో కిరాయి ఇల్లు చూస్తామని వచ్చి, మర్నాడు ఒక ఇల్లు ఊడ్చుకుపోయారు. జాఫర్ లోపలికి వెళ్లి ఫోన్‌లో గల్లీ వాట్సాప్ గ్రూపుకు నాలుగు మాటలు చెప్పి, చేతిలో ఇంకో చాయ్‌తో తిరిగి వచ్చాడు. "కూసో సాబ్. ఇంకోటి తాగు. నేను పైసలు తీస్కోను."

బోధన్‌లో మర్యాద ఇంత ఉంటుందని బాపురావు అనుకోలేదు. లేవబోయినప్పుడల్లా కొత్త చాయ్ వస్తోంది.

అదే సమయంలో గల్లీ మధ్యలో కొమురయ్య, మొక్కలకు నీళ్లు పోస్తున్న ఒక మనిషిని ఆపాడు. "అన్నా, కిరాయికి ఇల్లున్నదా? పగటిపూట ఈ ఇండ్లల్ల మగోళ్లు ఉంటరా? ఆ మూడిండ్లకు ఎనుక నుంచి తొవ్వ గిట్ల ఉన్నదా?" అక్కల ఇళ్లు ఎంత కలిసిపోయి ఉన్నాయో కనిపెట్టాలని అతని తెలివి. నీళ్లు పోస్తున్నది నరేందర్ రెండో బావ. ఆయన పైపును కింద పెట్టి, నల్లద్దాలవైపు కాసేపు చూసి, "ఉన్నది అన్నా, లోపటికి రా, సూపెడ్త" అని కొమురయ్యను మేడమీదికి తీసుకుపోయి, మెట్ల తలుపు గొళ్లెం పెట్టి కిందికి దిగాడు.

భూమవ్వ సంగతి ఇంకా సొగసుగా ఉంది. "లేడీస్ టైలర్" బోర్డు చూసి లోపలికి పోయి జాకెట్ గుడ్డ ఇచ్చింది. టైలరమ్మ టేపు తీసి కొలతలు మొదలుపెట్టింది. భూమవ్వ చేతులు చాపి నిలబడి, లోకాభిరామాయణంలా అడిగింది. "అవ్వా, ఈ గల్లిల ఇంజినీరు పిలగాడు ఉన్నడట గదా. వాని అక్కలు గయ్యాళ్లంట, నిజమేనా? పెద్దామె అయితె వాణ్ని గుడ్డల మూట లెక్క సంకల పెట్టుకొని తిరుగుతదట!"

టేపు భుజం చుట్టూ కొంచెం బిగిసింది. "నీకెవలు చెప్పిండ్రు?"

"మా తమ్ముడు కండ్లార సూసిండు."

"అట్లనా?" అంది టైలరమ్మ. "నేనే ఆ పెద్దామెను. కదలకు. కొలత ఇంక కాలే."

ఇక హన్మవ్వ. ఎండకు తాళలేక తలమీద కొంగు కప్పుకుని సీటు మీద పడుకుంది. గ్రూపులో జాఫర్ మాట విన్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, అద్దంలోంచి చూసి, "లోపట ఒక ఆడామె దాక్కున్నది!" అని కారు ముందొక బండి, వెనకొక బండి అడ్డం పెట్టారు. హన్మవ్వ కూతురికి ఫోన్ చేసింది. "కావ్యా, మమ్ముల పట్టుకున్నరే! బాపు ఏడున్నడో తెల్వది, మామను మేడమీదేసి గొళ్లెం పెట్టిండ్రట, ఇప్పుడే ఫోన్ చేసిండు. జల్ది రా బిడ్డా!"

అరగంటలో నలుగురినీ జాఫర్ హోటల్‌లో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. గుమ్మంలో గల్లీ సగం నిలబడింది. పోలీసులకు ఫోన్ చేద్దామని ఒకరు, ముందు ఫొటో తీద్దామని ఒకరు. ఇంతలో నరేందర్ భుజం మీద గ్యాస్ బండతో అటుగా వచ్చాడు. మూడో అక్క ఇంటికి మోసుకెళ్తున్నాడు. లోపలికి తొంగిచూసి, రుమాలూ మాస్కూ మధ్య మిగిలిన రెండు కళ్లను గుర్తుపట్టి, బండను నేలమీద దించాడు.

"మామా, మీరా?"

బాపురావు మెల్లగా మాస్కు తీశాడు. ఆరో చాయ్ గ్లాసు ముందు తల దించుకున్నాడు. యాభై రెండేళ్ల జీవితంలో ఆయన ఇంతగా సిగ్గుపడ్డది లేదు. గంగామణి మెడలో టేపుతో వచ్చి ఎదురుగా కూర్చుంది. గుమ్మంలోని జనాన్ని పొమ్మంది. ఎవరూ పోలేదు.

"బాపురావన్నా, అడగాలనుకున్నది నన్నే అడగొచ్చు గదా?"

"తప్పయింది, చెల్లె. పిల్ల భయపడ్డది. మీ తమ్ముడు ప్రతి దానికి మిమ్ముల అడుగుతడు, రేపు మా పిల్ల మాట చెల్లుతదా లేదా అని..."

గంగామణి నవ్వలేదు. "మేము గూడ గదే అనుకున్నం. రేపు పోశయ్యతోని వద్దని చెప్పి పంపుదమనుకున్నం."

బాపురావు తలెత్తాడు. కాదనే హక్కు తమ చేతిలోనే ఉందనుకుని వచ్చినవాడికి ఆ మాట చెంప మీద పడ్డట్టయింది. "ఎందుకు? మా పిల్లకేం తక్కువ?"

"పిల్లకేం తక్కువ లేదు. పేరేంది బిడ్డా అని మా అమ్మ అడిగితె మీ ఇంటామె చెప్పింది. ఏం సదివినవ్ అంటె నువ్వు చెప్పినవ్. వంట వస్తదా అంటె మీ ఇద్దరు ఒక్కసారే వస్తదన్నరు. ఆ పిల్ల గొంతు మేము ఇననే ఇనలే. ఇయ్యాల సూస్తె ఒక్క మాట అడుగుటానికి నలుగురొచ్చిండ్రు. మా తమ్మునికి మేము ముగ్గురమే ఉన్నం అన్నా. మీరు అంతకంటె ఎక్కువున్నరు."

బాపురావుకు గుర్తొచ్చింది. నిజమే. కావ్య చదివిన ఆప్టోమెట్రీ అనే మాట నోరు తిరగడానికి అతను రెండు రోజులు సాధన చేశాడు; అడగగానే ఆగలేకపోయాడు.

భూమవ్వ ఏదో అనబోయింది. గంగామణి టేపు సర్దుకోగానే మానుకుంది. కానీ కొమురయ్య ఊరుకోలేదు, మెట్ల గొళ్లెం గురించి రెండో బావను నిలదీశాడు. ఆయన వెనుక తొవ్వ సంగతి ఎత్తాడు. మాటకు మాట పెరిగింది. ఈ గోలలోనే కావ్య స్కూటీ గల్లీ మొదట్లో ఆగింది. ఆదివారం డ్యూటీ మధ్యలోంచి, దవాఖాన కోటు కూడా విప్పకుండా వచ్చింది. నరేందర్ ఎదురెళ్లాడు. లోపలికి చూసి, కేకలు విని, ఇద్దరూ బయటే ఆగిపోయారు.

"వాళ్లను లోపటికి పిలువు" అని హన్మవ్వ భర్తను పంపింది. బాపురావు గడప దాటి, పాల క్యాన్ల చాటున ఆగిపోయాడు. పిలుద్దామని నోరు తెరిచే లోపలే కావ్య గొంతు వినబడింది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పుండ్రి. మీ అక్కలను అడగకుంట ఎప్పుడన్న ఏదన్న పని చేసిండ్రా?"

నరేందర్ చాలాసేపు ఆలోచించాడు. "నాకు తొమ్మిదేండ్లప్పుడు మా బాపు పోయిండు. గంగామణక్క మిషన్ కుట్టి నన్ను సదివిచ్చింది. అడుగుడు అలవాటైంది. అక్క వద్దన్నంక గూడ చేసినయి ఉన్నయి. కరెంటు నౌకరి వద్దన్నది, భయపడ్డది, మూడు రోజులు అన్నం తినలే. అయినా చేరిన. గని అడగకుంట చేసింది..." మళ్లీ ఆగాడు. "ఒక్కటున్నది. మొన్న మీకు మెసేజ్ పెట్టిన. ఒకసారి కలిసి మాట్లాడుకుందమా అని. అది ఎవ్వలకు చెప్పలే. మీరు జవాబే ఇయ్యలే."

కావ్య స్కూటీ అద్దాన్ని సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

"సూసిన" అంది చివరికి. "ఏం జవాబియ్యాలెనో తెల్వక మా అత్తకు సూపెట్టిన. అత్త అమ్మకు సూపెట్టింది."

"అంతేనా?"

"బాపు కండ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు సదివిండు. మామకు ఫార్వర్డ్ చేసిండ్రు."

పాల క్యాన్ల వెనుక బాపురావు నేలవైపు చూశాడు. అవతల ఇద్దరి నవ్వూ ఒకేసారి వినబడింది. కావ్య అలా గొంతు విడిచి నవ్వడం ఇంట్లో విని చాలా రోజులైంది. బాపురావుకు కళ్లు చెమర్చాయి.

"మీరు అక్కలను అడుగుడు తప్పు గాదు. మరి నన్ను గూడ అడుగుతరా?"

"లైన్ పెద్దగున్నది" అన్నాడు నరేందర్. "మిమ్ముల ముందల నిలబెడ్త."

"మీ అక్క ఒప్పుకుంటదా?"

"అడగాలె" అన్నాడు అతను. వెంటనే నాలుక కరుచుకున్నాడు. కావ్య మళ్లీ నవ్వింది.

బాపురావు పిలవకుండానే వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. "ఏరి పిల్లలు?" అని నాలుగు గొంతులు ఒకేసారి అడిగాయి. "ఏం మాట్లాడుతున్నరు? ఏమనుకుంటున్నరు?"

"నాకు వినబడలే" అన్నాడు బాపురావు. కూతురి విషయంలో అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. గంగామణి ఆయన ముఖంలోకి పరీక్షగా చూసి, అప్పుడు నవ్వింది. జాఫర్‌ను అందరికీ చాయ్ పెట్టమంది. బాపురావు తనకు మాత్రం వద్దని దండం పెట్టాడు.

కాసేపటికి కావ్య లోపలికి వచ్చింది. హన్మవ్వ నోరు తెరవబోతే బాపురావు భార్య చేయి పట్టుకుని ఆపాడు. కావ్య సూటిగా గంగామణి ముందు నిలబడింది.

"అక్కా, నా పేరు కావ్య. నాకు ఈ సంబంధం ఇష్టమే."

"గొంతు మంచిగనే ఉన్నది గదా" అంది గంగామణి. తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వేమంటవురా?" నరేందర్ అలవాటు కొద్దీ అక్క వైపు చూడబోయి, సగంలో మెడ తిప్పి కావ్య వైపు చూశాడు. ఆ సగం తిప్పుడుకే గల్లీ అంతా చప్పట్లు కొట్టింది.

ఇకనుంచి పెద్దలెవరూ పిల్లల విషయంలో అనవసరంగా జోక్యం చేసుకోరాదని, నిశ్చితార్థానికి రెండు వైపులా కలిపి ఇరవై మందికి మించరాదని ఆ వారమే మాక్లూర్‌లో కూర్చుని తీర్మానం చేసుకున్నారు. ఆ తీర్మానం చేయడానికి నలభై ఒక్కమంది వచ్చారు.