దోమల ప్రవర్తనలో మార్పు

ఇకపై దోమలను చంపబోమని, వాటి ప్రవర్తనను మారుస్తామని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. చంపడం పాత ప్రభుత్వాల మోటు పద్ధతట. సభలో చప్పట్లు కొట్టినవాళ్లలో సగంమంది ఆ ఊపులోనే నాలుగు దోమల్ని కూడా కొట్టారు.

సంగతేమిటంటే, దోమపిల్లను ఎదగనివ్వని మందు ఒకటుంది. మురుగునీటిలో కలిపితే లార్వాకు రెక్కలు రాకుండానే కథ ముగుస్తుంది. ఈసారి ఒక్క పేటకు సరిపడా మందే వచ్చింది. ఊళ్లో పేటలు పది. మంత్రిగారు వెంటనే పదో వంతు మోతాదు కనిపెట్టారు. దానికి దోమ చావదు, బుద్ధి మారుతుందట. శాస్త్రం ఇంత చవగ్గా ముందుకు సాగడం నేను కాలేజీలో కూడా చూడలేదు.

నేను దోమల ప్రయోగశాలలో టెంపరరీ అసిస్టెంటును. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి. మా ఇల్లు మురుగుకాల్వ పక్కనే. అక్క దోమల జ్వరంతో మంచం పట్టింది. అందుకని ప్రయోగం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. పదో వంతు మందులో పెరిగిన లార్వాలు చాలావరకు దోమలయ్యాయి. బోనులో చెయ్యి పెడితే మామూలు వాటికన్నా ఎక్కువ కుట్టాయి. అదే మా ఆఫీసరుగారికి విన్నవించాను.

"ప్రవర్తనలో మార్పు వచ్చిందా, లేదా?" అన్నారాయన.

"వచ్చింది సార్. ఎక్కువ కుడుతున్నాయి."

"మార్పు వచ్చిందిగా. అక్కడితో ఆపు."

మర్నాడు మంత్రిగారే స్వయంగా పత్రికలవాళ్ల ముందు బోనులో చెయ్యి పెడతారని కబురొచ్చింది. ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, అర్జెంటుగా కుట్టని దోమలు కావాలన్నారు. మగవి కుట్టవు సార్, అన్నాను. నా నోరు ఊరుకోదు. ఇక ఆ పూటంతా భూతద్దం పట్టుకుని, మీసాలు గుబురుగా ఉన్నవాటిని ఏరుతూ కూర్చున్నాను. మగవాటి గుర్తు అదే.

మంత్రిగారు చొక్కా చెయ్యి మడిచి, నిబ్బరంగా బోనులో పెట్టారు. ఒక్క దోమా ముట్టలేదు.

"చూశారా, సంస్కారం," అన్నారు.

కెమెరాలు మెరిశాయి. ఊరంతటికీ పదో వంతు మోతాదేనని అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. నా ఉద్యోగం పర్మనెంట్ చేయమని కూడా సెలవిచ్చారు.

ఇంటికొచ్చి చెబితే, అక్క దుప్పటి ముసుగులోంచే అడిగింది.

"మన కాల్వలోనూ ఆ మందే వేస్తారట్రా?"

"ఆ మందే అక్కా," అన్నాను.

అంతలో మంత్రిగారి పీఏ ఫోన్ చేశారు. బంగళా వెనక తొట్టెలో లార్వాలు కనిపించాయట, అర్జెంటుగా మందు పంపాలట. పదో వంతు పంపమంటారా సార్, అని అడిగాను.

ఆయనకు నా చదువు మీద జాలి కలిగినట్టుంది.

"అది పాలసీ బాబూ. ఇది ఇల్లు."