కూర్మమ్మ సైకిలు, కౌన్సిల్ వారి రాళ్లు

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క పెద్దబాట ఉండేది. అది కౌన్సిల్ కొండ దగ్గర మొదలై ఏటి ఒడ్డున ఇసుక తిన్నె దాకా వెళ్లేది. వెళ్లేది అని మర్యాదకి అంటున్నాను గానీ, దాని మీద ఎవరూ ఎక్కడికీ వెళ్లలేకపోయేవారు.

కారణం ఏనుగులు. పాపం, వాటి తప్పేమీ లేదు. అడవి కౌన్సిల్‌కి ఎన్నికైన ప్రతి సభ్యుడూ ఆ మర్నాటి నుంచి నడవడం మానేసి ఏనుగెక్కేవాడు. సభ్యుడి వెనక అతని బావమరిది ఇంకో ఏనుగు మీద, బావమరిది వెనక అతని స్నేహితులు మరో ఏనుగు మీద. కుందేలు సభ్యుడు కూడా ఏనుగు మీదే వచ్చేవాడు. పైన ఆయన ఉన్నాడో లేడో కింద ఉన్నవాళ్లకి తెలిసేది కాదు. ఏనుగు కనిపిస్తే చాలు, కుందేలుగారు వేంచేశారని అందరూ దండం పెట్టేవారు.

మిగతా అడవంతా ఆ ఏనుగుల కాళ్ల సందుల్లో బతికేది.

ఇక ఆ అడవిలోకి సైకిళ్లు ఎలా వచ్చాయో చెప్పాలి. ఒక ఆదివారం పొద్దున్నే పట్నం నుంచి కొందరు మనుషులు ఒకే రంగు టీషర్టులు తొడుక్కుని, ప్రకృతిని కాపాడదాం అని అరుచుకుంటూ సైకిళ్ల మీద వచ్చారు. ఫొటోలు దిగారు. ఇడ్లీలు తిని ప్లేట్లు అక్కడే పారేశారు. ఎండెక్కేసరికి ఏసీ కార్లు వచ్చి వాళ్లని తీసుకుపోయాయి. సైకిళ్లు మాత్రం చెట్లకి ఆనించినవి ఆనించినట్టే ఉండిపోయాయి.

వాటిలో ఒకటి కూర్మమ్మ అనే తాబేలు తీసుకుంది. తాబేలు సైకిలెలా తొక్కుతుందని అడిగేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. కుందేలు ఏనుగు మీద కౌన్సిల్‌కి వెళితే రాని అనుమానం, తాబేలు సైకిలెక్కేసరికే రావాలా?

కూర్మమ్మ ఉండేది కొండ కింద బురదగుంటలో. గుడ్లు పెట్టేది మాత్రం ఏటి ఒడ్డున ఇసుకలోనే, వాళ్ల జాతికి అదే ఆచారం. తొలి మబ్బు పట్టిన రోజున పిల్లలు ఇసుక తోసుకుని బయటికి వస్తాయి. పోయిన ఏడు ఆ మబ్బు చూసి కూర్మమ్మ కాలినడకన బయల్దేరింది. దారిలో ఎవరి బావమరిది ఏనుగో ఒక్క తన్ను తన్నింది. కూర్మమ్మ వెల్లకిలా వెళ్లి కాలవలో పడింది. అటుగా వచ్చిన ముళ్లపంది దాన్ని తిరగేసి నిలబెట్టేసరికే పొద్దు గూకిపోయింది. తిన్నె చేరేసరికి ఉత్త పెంకులున్నాయి. పిల్లలన్నీ ఏట్లోకి వెళ్లిపోయాయి. వాటిలో ఒక్కదాని ముఖం కూడా కూర్మమ్మ చూడలేదు.

అందుకే దానికి సైకిలు కావాల్సి వచ్చింది. సైకిలు దొరికింది గానీ, తొక్కడానికి దారి దొరకలేదు. ముళ్లపందిని తోడు చేసుకుని కూర్మమ్మ ఒక సైకిల్ సంఘం పెట్టింది. జింకలు, అడవిపిల్లులు, ఉడతలు చేరాయి. సంఘంలో ఒకటే నియమం ఉండేది, ముళ్లపంది అందరికంటే వెనక రావాలి. అది ముందు వెళితే రాలిన ముళ్లు గుచ్చుకుని వెనకవాళ్ల టైర్లన్నీ పంక్చరయ్యేవి.

సంఘం తరఫున కూర్మమ్మ కౌన్సిల్‌కి వెళ్లింది. అధ్యక్షపీఠం మీద సింహంగారు, పక్కన కమిషనర్ తొండగారు కూర్చున్నారు. ఎవరేమన్నా తల ఊపడమే తొండగారి ఉద్యోగం. అందులో ఆయన్ని మించినవాళ్లు లేరు.

"అయ్యా, నాకు బాటంతా వద్దు," అంది కూర్మమ్మ. "పొదల వారగా నా సైకిలు పట్టేంత చోటు వదిలి, ఓ సున్నం గీత గీయించండి. గీత దాటి ఏనుగు కాలు పెట్టకూడదని చెప్పండి. అంతకంటే ఏమీ అడగను."

సింహంగారు కదిలిపోయారు. సైకిలు ఆరోగ్యమన్నారు, సైకిలు భవిష్యత్తన్నారు, ఇవాళ్టి నుంచి మనది సైకిలడవి అని ప్రకటించారు. తొండగారు తల ఊపారు.

రవాణా వ్యవహారాలు చూసే అడవిదున్నగారు లేచి, గీత గీస్తే ఏనుగులకి బాట ఇరుకవుతుందనీ, ఇరుకైతే ఏనుగులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయనీ, అవి మీద పడితే నలిగేది సైకిళ్లేననీ, కాబట్టి సైకిళ్ల క్షేమం కోరి గీత వద్దంటున్నాననీ చెప్పారు. తొండగారు దానికీ తల ఊపారు.

చివరికి తేలిందేమిటంటే, గీతకి ఎవరూ వ్యతిరేకం కాదు. కానీ శంకుస్థాపన జరక్కుండా గీత గీయడానికి వీల్లేదు.

శంకుస్థాపన అంటే ఆ కౌన్సిల్‌కి పండగ. అందరూ వచ్చారు. దండలు, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యాయి. నిలువెత్తు రాయి దిగింది. దాని మీద అన్నిటికంటే పైన సింహంగారి పేరు, దాని కింద అడవిదున్నగారి పేరు చెక్కారు. పక్కన పాతితే ఏనుగు మీద పోయేవాళ్లకి కనపడదని, రాయిని నడిబాటలో పాతారు.

ఎలుగుబంటిగారి పేరు మాత్రం అట్టడుగున, తదితరులు అనే మాటకి సరిగ్గా ముందు వచ్చింది. ఆయన ఆ రాయిని కావలించుకుని ఏడ్చినంత పని చేశారు. ఆయన్ని ఊరుకోబెట్టడానికి పక్కనే ఇంకో రాయి వేయించి, ఆయన పేరు పైన చెక్కారు. అప్పుడు అడవిదున్నగారు అలిగారు. మూడో రాయి దిగింది. ఒకరి రాయి ఇంకొకరి రాయికి ఆనితే మళ్లీ గొడవ కాబట్టి, చదివేవాడు నిలబడేంత సందు మధ్యలో వదలాలని తీర్మానం చేశారు.

ఆ సాయంత్రం కూర్మమ్మ బాట పక్కన కూలబడి ఏడ్చింది. గీత అడిగితే రాళ్లిచ్చారు. ఇసుకలో గుడ్లు పెట్టి వచ్చింది, ఎండలు ముదిరాయి, ఇంకొన్నాళ్లలో మబ్బు పడుతుంది. ఈ ఏడూ ఉత్త పెంకులేనా అనుకుంది.

"ఊరుకో అక్కా," అంది ముళ్లపంది, కాస్త దూరంగానే కూర్చుని.

అప్పుడే ఒక ఏనుగు వచ్చింది. రాళ్ల ముందు ఆగింది. ఒక కాలెత్తి, ఎక్కడ పెట్టాలో తెలీక, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి చాలాసేపు ఆలోచించింది. తరవాత వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

కూర్మమ్మ ఏడుపు ఆగింది. లేచి సైకిలెక్కి ఆ రాళ్ల సందులోంచి అవతలికి వెళ్లింది. మళ్లీ ఇవతలికి వచ్చింది. హ్యాండిలు ఎక్కడా తగల్లేదు.

మర్నాడు అది తొండగారి దగ్గరికి వెళ్లి, ఎంతో బాధపడుతున్నట్టు ముఖం పెట్టి అడిగింది. "కమిషనర్‌గారూ, కుందేలుగారికి రాయి వేయలేదేంటండి? ఆయన చిన్నబుచ్చుకున్నారని అంతా అనుకుంటున్నారు."

కుందేలుగారికి అప్పటిదాకా చిన్నబుచ్చుకోవాలని తోచలేదు. సాయంత్రానికి మాట చెవిన పడి, గట్టిగా చిన్నబుచ్చుకున్నారు. రాయి దిగింది. ముళ్లపంది బావమరుదుల ఇళ్లకి బయల్దేరింది. జింకలు సభ్యుల అత్తగార్లని పలకరించాయి. గీత మాటెత్తితే ముఖం తిప్పుకున్నవాళ్లు, రాయి మాటెత్తితే కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

ఇక రాళ్లకి అడ్డూ ఆపూ లేకపోయింది. సైకిల్ బాటకి ఒక రాయి, సైకిల్ బాట ఆలోచనకి ఒక రాయి, వేసిన రాళ్లను కాపాడే పథకానికి ఒక రాయి, సింహంగారి పుట్టినరోజుకి ఒక రాయి. పోయిన సభ్యుల జ్ఞాపకార్థం కొన్ని, కాబోయే సభ్యుల ఆశీస్సులతో కొన్ని. చోటు చాలక ఏటి వైపుకి పాతుకుంటూ పోయారు. మొదటి మలుపు నుంచి ఇసుక తిన్నె దాకా బాటంతా నిండిపోయింది. గీత మాత్రం గీయలేదు. ఉన్న సున్నమంతా రాళ్లకి వేయడానికే సరిపోయింది.

ఇంత చేశాక ప్రారంభోత్సవం లేకపోతే ఎలా? సైకిల్ దినోత్సవం పెట్టారు. ఏటి ఒడ్డున ఇసుక తిన్నె మీద రిబ్బన్ కట్టారు, ముహూర్తం చూశారు. సైకిల్ దినోత్సవానికి కౌన్సిలంతా ఏనుగుల మీద బయల్దేరింది. సింహంగారు ఫొటోలో పట్టుకుని నిలబడటానికి బంతిపూలు చుట్టిన సైకిలొకటి ఆయన ఏనుగు మీద కట్టి ఉంచారు.

మొదటి మలుపులోనే ఊరేగింపు ఆగిపోయింది. ముందు రాళ్లు, వెనక బావమరుదులు. ఏనుగులు ముందుకీ పోలేవు, వెనక్కీ తిరగలేవు. ఒక్కొక్కటీ తొండమెత్తి ఘీంకరించింది. అంత రొదలోనూ తొండగారు తల ఊపుతూనే ఉన్నారు.

సరిగ్గా అప్పుడే కొండ మీద మబ్బు పట్టింది.

కూర్మమ్మ మబ్బు చూసింది. ఇంకేమీ చూడలేదు. సైకిలెక్కి రాళ్ల సందుల్లోంచి ఒకటే తొక్కుడు. ఆ ఆదుర్దాలో సంఘం నియమం మర్చిపోయి ముళ్లపంది కూడా దాని వెంటే ఉరికింది.

"ఆగమ్మా," అన్నారు సింహంగారు పై నుంచి. "మేము ప్రారంభించని దారి మీద నువ్వెలా వెళ్తావు?"

"నా పిల్లలు ముహూర్తం చూసుకుని పుట్టరండి," అంది కూర్మమ్మ, తొక్కుడు ఆపకుండా. "తమరికీ సైకిలుంది కదా, రండి."

సింహంగారు ముహూర్తం దాటిపోతోందని గాభరాపడ్డారు. బంతిపూల సైకిలు దింపించుకున్నారు. రెండు జింకలు వెనక నుంచి తోశాయి. తొలి రాయి దాటేదాకా బాగానే వెళ్లారు. ముళ్లపంది వెళ్లిన దారి కదా, రెండో రాయి దగ్గర ముందు టైరు, మూడో రాయి దగ్గర వెనక టైరు పోయాయి. ఎన్నికైన నాటి నుంచి మొదటిసారి సింహంగారు సైకిలు నడిపించుకుంటూ నేల మీద నడిచారు. కింద నుంచి చూస్తే రాళ్ల మీద పేర్లు చాలా చిన్నగా ఉన్నాయని ఆయనకి కొంచెం కష్టం వేసింది.

కూర్మమ్మ తిన్నె చేరేసరికి ఇసుక నున్నగా ఉంది. ఎక్కడా పెంకు లేదు. సైకిలు పడేసి వెళ్లి గుడ్ల పక్కన కూర్చుంది. తొలి చినుకు పడింది. ఇసుక కొంచెం కదిలింది. ఒక చిన్న తల బయటికొచ్చి, కళ్లలో ఇసుక దులుపుకుని, కూర్మమ్మ ముఖంలోకి చూసింది. కూర్మమ్మకి ఒళ్లంతా జల్లుమంది. ఇంకో తల వచ్చింది, ఇంకోటి వచ్చింది. ఒక్కొక్కదాన్నీ కళ్లారా చూసుకుంది.

పిల్లలు బారు కట్టి రిబ్బన్ కింద నుంచి ఏట్లోకి నడిచాయి. అది తమ కోసం కట్టిందని గానీ, తమని ఆపడానికి కట్టిందని గానీ వాటికి తెలీదు.

సింహంగారు వగరుస్తూ వచ్చేసరికి చివరి పిల్ల ఒక్కటే ఒడ్డున ఉంది. తమకి స్వాగతం చెప్పడానికే ఆగిందనుకుని ఆయన మురిసిపోయి, తన కోసం తెచ్చుకున్న శాలువా దాని మీద కప్పారు. పిల్ల కనపడకుండా పోయింది. కూర్మమ్మ శాలువా కింద తల దూర్చి దాన్ని బయటికి తీసి, నీళ్లలో వదిలింది.

తరవాతి సమావేశానికి సభ్యులంతా సైకిళ్ల మీద, సైకిలు రానివాళ్లు కాలినడకన వచ్చారు. వేరే దారి లేదు. సవారీ తప్పిన ఏనుగులు పొదల్లో పడి వెళ్లి ఏట్లో హాయిగా జలకాలాడుతున్నాయని కబురు. అడవిదున్నగారు కోపంగా లేచి, ఈ రాళ్లన్నీ వెంటనే పీకేయాలన్నారు. తొండగారు తల ఊపి, రాళ్ల తొలగింపు పెద్ద పని కాబట్టి ముందు దానికి శంకుస్థాపన జరగాలన్నారు. సభ అంతా చప్పట్లు కొట్టింది. ఆ రాయి మీద ఎవరి పేరు పైన ఉండాలన్నది ఇంకా తేలలేదు.

ఈలోగా కూర్మమ్మ రోజూ ఏటికి వెళ్లి వస్తూనే ఉంది. దారిలో ఏ సభ్యుడైనా ఎదురైతే సైకిలాపి, మీకింకో రాయి బాకీ ఉందండీ అని గుర్తు చేస్తోంది.

కథకి నీతి ఉండి తీరాలనేవాళ్ల కోసం: పాలించేవాళ్లని దారి అడిగి ఇబ్బంది పెట్టకండి, అడ్డం అడగండి, అది వాళ్లకి చేతనైన పని.